గతుకు, కుదుపు: నంద్యాల–ఆళ్లగడ్డ దారులపై సన్నటైరు సైకిలు

వ్యాససంగ్రహం:

దారిలోని ఎగుడుదిగుళ్ళను గురించి చెప్పడానికి తెలుగులో రెండు వేర్వేరు మాటలున్నాయి. గతుకు దారికి చెందినది. కుదుపు ప్రయాణానికి చెందినది. ఈ భేదాన్ని మరచినందువల్ల రోడ్డు సైకిలు విషయంలో రెండు పొరపాట్లు స్థిరపడ్డాయి. టైరులో గాలి ఎంత గట్టిగా ఉంటే సైకిలు అంత వేగంగా పోతుందనే నమ్మకం మొదటిది. మోటారు వాహనానికి నున్నగా ఉన్న దారి సైకిలుకూ నున్నగానే ఉంటుందనే ఊహ రెండవది. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతంలోని నేల స్వభావాన్నీ దారుల ఉపరితలాలనూ ఆధారంగా చేసుకొని ఈ రెండింటినీ పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గతుకు, కుదుపు, అదురు, రోడ్డు సైకిలు, నల్లరేగడి, టైరు పీడనం, నంద్యాల, ఆళ్లగడ్డ.

1. ఉపోద్ఘాతం:

నంద్యాల నుంచి దక్షిణంగా ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, నడుమ కుందూ నది మైదానం. కర్నూలు–చిత్తూరు జాతీయ రహదారి ఈ మైదానం మీదుగానే శిరివెళ్ల దాటి ఆళ్లగడ్డకు చేరుతుంది. ఒకప్పుడు 18వ నంబరుగా ఉన్న ఈ రహదారి 2010లో జరిగిన మార్పుల తరువాత 40వ నంబరు రహదారి అయింది. పటం చూసినవారికి ఇది సైకిలు కోసమే పరచిన నేలలా కనిపిస్తుంది. పెద్ద ఎక్కుళ్ళు లేవు, మలుపులు తక్కువ. అయితే పటంలో ఎత్తు తెలుస్తుంది గాని ఉపరితలం తెలియదు. రహదారి దిగి ఊరిలోకో చేనిలోకో మళ్ళినవారికి తారు, సిమెంటు, నాపబండ, కంకర, గరుసు, రేగడి ఒకదాని వెంట ఒకటి ఎదురవుతాయి. ఆళ్లగడ్డ నుంచి అహోబిలం వైపు సాగితే అడవి దారి కూడా ఈ వరుసలో చేరుతుంది.

ఈ నేల మీద చాలాకాలం తిరిగినది దేశవాళీ నల్ల సైకిలు. దాని చక్రం రిమ్ము వ్యాసం 635 మిల్లీమీటర్లు, టైరు వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు. టైరు మీద 28×1½ అని అచ్చు వేసి ఉండేది దానికే. ఇటీవల పట్టణ యువత కొంటున్న రోడ్డు సైకిలు తీరు వేరు. వంపు తిరిగిన హ్యాండిలు, తేలికైన చట్రం, 622 మిల్లీమీటర్ల రిమ్ము, దాని మీద 23 నుంచి 28 మిల్లీమీటర్ల సన్నటి టైరు దాని లక్షణాలు. చక్రం వ్యాసంలో తేడా స్వల్పమే. టైరు వెడల్పులో తేడా మాత్రం దాదాపు సగానికి సగం. ఈ వ్యాసంలోని చర్చ అంతా ఆ తేడా చుట్టూ తిరుగుతుంది.

2. రెండు మాటలు, రెండు స్థానాలు:

గతుకు, గుంత, గొయ్యి, గాడి, మిట్ట, బీట – ఇవన్నీ దారికి సంబంధించిన మాటలు. దారి మీద ఎవరూ నడవకపోయినా అవి అక్కడే ఉంటాయి. కుదుపు, అదురు అనేవి అలాంటివి కావు. బండి కదిలితేనే కుదుపు పుడుతుంది. 'గతుకుల దారి' అంటాం గాని 'గతుకుల బండి' అనం. 'బండి కుదుపుతోంది' అంటాం గాని 'బండి గతుకుతోంది' అనం. వాడుకలో ఇంత స్పష్టంగా ఉన్న ఈ భేదం శాస్త్రదృష్టికి కూడా సరిగ్గా సరిపోతుంది. ఒకే గతుకు ఎడ్లబండిలో ఒక కుదుపును, బస్సులో మరొక కుదుపును, సైకిలులో ఇంకొక కుదుపును పుట్టిస్తుంది. చక్రం పరిమాణం, టైరులోని గాలి, వేగం, కూర్చున్న మనిషి బరువు కలిసి ఆ కుదుపును నిర్ణయిస్తాయి.

ఇంజనీర్లు దారి గతుకును కొలిచే పద్ధతి కూడా నిజానికి కుదుపును కొలవడమే. ప్రపంచ బ్యాంకు ఆధ్వర్యంలో 1982లో బ్రెజిల్‌లో జరిగిన ప్రయోగాల ఫలితంగా రూపొందిన అంతర్జాతీయ గతుకు సూచికను ఇందుకు ఉదాహరణగా చెప్పవచ్చు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే ఒక నమూనా కారు చక్రం, దాని స్ప్రింగు కిలోమీటరు దూరంలో మొత్తం ఎన్ని మీటర్లు పైకీ కిందికీ ఆడతాయో లెక్కకట్టి, ఆ సంఖ్యను దారి గతుకుగా ప్రకటిస్తారు. మీటరుకు పైబడిన పొడవున్న అలలను ఈ సూచిక బాగా పసిగడుతుంది. అంతకన్నా పొట్టి అలలను కారు టైరే మింగేస్తుంది కనుక అవి లెక్కలోకి దాదాపు రావు.

సైకిలుకు ఇబ్బంది కలిగించేవి ఆ పొట్టివే. దారి ఉపరితల నిర్మాణాన్ని ఇంజనీర్లు పొడవును బట్టి విభజిస్తారు. అర మిల్లీమీటరు నుంచి 50 మిల్లీమీటర్ల వరకు ఒక తరగతి, 50 నుంచి 500 మిల్లీమీటర్ల వరకు మరొక తరగతి, ఆపైన ఉన్నది ఎగుడుదిగుడు. తారు పైన చిన్న కంకర చల్లి రోలరు తొక్కించిన దారి గరుకు మొదటి తరగతిలోకి వస్తుంది. అంచు విరిగిన గుంతలు, అతుకులు రెండవ తరగతిలోకి వస్తాయి. ఈ రెండు తరగతులూ సన్నటైరు సైకిలు మీద కూర్చున్నవారి అరచేతుల్లో నేరుగా తెలుస్తాయి. కారు నడిపేవారికి అవి చప్పుడుగా మాత్రమే వినిపిస్తాయి. మరొక సంగతి కూడా గమనించదగినది. గతుకు సూచికను కారు చక్రాలు నడిచే జాడల్లో కొలుస్తారు. సైకిలు నడిచేది ఆ జాడల్లో కాదు, దారి అంచున.

3. అంచు కథ – రేగడి నేల:

నంద్యాల ప్రాంతంలో ఈ అంచుకు ప్రత్యేకమైన ప్రాముఖ్యం ఉంది. కుందూ మైదానం చాలావరకు నల్లరేగడి. మాంట్‌మోరిల్లొనైట్ జాతి బంకమన్ను ఈ నేలలో అధికం. తడిస్తే ఉబ్బడం, ఎండితే కుంచించుకొని నెర్రెలు విచ్చడం దాని స్వభావం. జొన్నకూ పత్తికీ శనగకూ ఇష్టమైన ఈ గుణమే దారికి శత్రువు.

తారు కప్పిన దారి నడుమ భాగంలో నేల తేమ ఏడాది పొడవునా ఇంచుమించు నిలకడగా ఉంటుంది. పైనున్న తారు ఎండనూ వాననూ రెండింటినీ అడ్డుకుంటుంది. అంచున అలాంటి రక్షణ లేదు. వేసవిలో అంచు కింది మన్ను ముందుగా ఎండి కుంచించుకుంటుంది, నడుమ కదలదు. ఈ రెండింటి మధ్య తారు చిరుగుతుంది. అలా పుట్టిన బీట దారికి అడ్డంగా కాక, దారి వెంబడే నిలువుగా, అంచుకు సమాంతరంగా సాగుతుంది. వానాకాలంలో ఆ బీటగుండా నీరు దిగి, మన్ను మళ్ళీ ఉబ్బి, అంచు గూనిలా లేస్తుంది. దారి పక్క మన్ను కొట్టుకుపోతే తారు అంచున అడుగడుగునా మెట్టు ఏర్పడుతుంది.

సైకిలుకు అడ్డబీట కన్నా నిలువుబీట ప్రమాదకరం. అడ్డబీట ఒక కుదుపుతో పోతుంది. నిలువుబీట వెడల్పు టైరు వెడల్పుతో సమానమైతే ముందుచక్రం అందులో దిగి ఇరుక్కుంటుంది. హ్యాండిలును కొద్దిగా అటూ ఇటూ తిప్పుతూ ఉండడం వల్లనే సైకిలు నిలబడుతుంది. చక్రం గాడిలో పడితే ఆ తిప్పుడు సాధ్యం కాదు. తొక్కేవారు పక్కకు పడతారు. మూడు సెంటీమీటర్ల బీటను 40 మిల్లీమీటర్ల టైరు దాటిపోతుంది, 25 మిల్లీమీటర్ల టైరు అందులోకి దిగుతుంది. నల్ల సైకిలు మీద పాలక్యాన్లు కట్టుకొని దశాబ్దాలు తిరిగినవారు గమనించని బీట, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన సైకిలుకు ఉచ్చు కావడం ఇందువల్లనే. అంచు మెట్టును ఎక్కే విషయంలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. మెట్టుకు సమాంతరంగా పోతూ ఏటవాలుగా ఎక్కబోతే సన్నటైరు జారుతుంది. వేగం తగ్గించి, వీలైనంత నిటారుగా మళ్ళి ఎక్కాలి. వెనుక లారీ వస్తున్నప్పుడు అందుకు వ్యవధి ఉండదు కాబట్టి, అంచు చెడిన చోట దారి దిగకపోవడమే మేలు.

భారత రోడ్డు కాంగ్రెసు సైకిలు దారుల రూపకల్పనకు 1962లోనే ఒక నియమావళిని వెలువరించింది. ఆ దారులు ఎన్ని ఏర్పడ్డాయనేది వేరే చర్చ. అవి లేని చోట సైకిలు దారి అంటే రహదారి అంచే. అంచు స్థితిని రహదారి స్థితి నుంచి విడదీసి చూడవలసిన అవసరం రేగడి నేలల్లో ఎక్కువ.

4. గాలి లెక్క:

70 కిలోల మనిషి, 10 కిలోల సైకిలు అనుకుందాం. మొత్తం 80 కిలోలలో సుమారు 60 శాతం, అంటే 48 కిలోలు, వెనుకచక్రం మీద పడుతుంది. టైరు నేలను తాకే వైశాల్యం స్థూలంగా బరువును గాలి పీడనంతో భాగిస్తే వచ్చేదే. చదరపు అంగుళానికి 100 పౌండ్ల పీడనంలో అది 7 చదరపు సెంటీమీటర్లకు కొంచెం తక్కువ. 60 పౌండ్లలో 11 చదరపు సెంటీమీటర్లు దాటుతుంది. బ్రేకు పట్టు, మలుపులో నిలకడ, కంకర మీద జారకుండా నిలవడం – అన్నీ ఈ కొద్దిపాటి చోటు మీదే ఆధారపడి ఉంటాయి.

గాలి గట్టిగా ఉంటే వేగమనే నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. టైరు నేలను తాకిన ప్రతిసారీ రబ్బరు నలిగి కొంత శక్తి వేడిగా పోతుంది. గాలి పెంచితే నలుగుడు తగ్గుతుంది. నున్నటి ఉక్కు డ్రమ్ము మీద టైరును తిప్పి పరీక్షిస్తే గాలి పెరిగేకొద్దీ నష్టం తగ్గుతూనే వస్తుంది. అయితే ఆ డ్రమ్ము మీద గతుకు లేదు, దాని మీద మనిషీ లేడు. నిజమైన దారి మీద టైరు చేయవలసిన పని మరొకటి ఉంది: గతుకును తనలో ఇముడ్చుకొని చట్రాన్ని పైకి లేవనీయకపోవడం. రాయిలా బిగిసిన టైరు గతుకు ఎదురైన ప్రతిసారీ సైకిలునూ మనిషినీ పైకి ఎత్తుతుంది. ఆ ఎత్తిన శక్తి తొక్కేవారి కాళ్ళలోంచి వచ్చినదే.

దీని పరిమాణం చిన్న లెక్కతో తెలుస్తుంది. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు 7 మీటర్లు. 70 సెంటీమీటర్లకు ఒక గతుకు చొప్పున సెకనుకు పది గతుకులు వస్తాయి. ప్రతి గతుకుకూ 80 కిలోల బరువు 5 మిల్లీమీటర్లు లేస్తే అందుకు సుమారు 4 జౌళ్ళ శక్తి కావాలి. సెకనుకు పదిసార్లయితే దాదాపు 40 వాట్లు. మామూలు ఆరోగ్యవంతుడు గంటసేపు నిలకడగా తొక్కగలిగేది 100 నుంచి 150 వాట్లే. ఒళ్ళంతా ప్రతిసారీ లేవదు, లేచిన శక్తిలో కొంత తిరిగి వస్తుంది కనుక ఈ లెక్క కొంత అతిశయమే. అయినా నష్టం ఏ తరగతికి చెందినదో దీనివల్ల స్పష్టమవుతుంది. శరీరంలోని కండరాలు, కొవ్వు అదిరి అదిరి ఈ శక్తిని వేడిగా మార్చేస్తాయి. అమెరికాకు చెందిన సైకిలు రచయిత యాన్ హైనే రహదారి నున్నటి భాగం మీదా, దాని పక్కనే ఉన్న గాడుల పట్టీ మీదా ఒకే వేగంతో సైకిలు తొక్కించి చేసిన ప్రయోగాలు ఈ నష్టాన్ని ప్రత్యక్షంగా చూపాయి. కాబట్టి ప్రతి దారికీ ఒక హద్దు ఉంటుంది. అంతవరకు గాలి పెంచితే లాభం, ఆపైన పెంచితే నష్టం. దారి చెడేకొద్దీ ఆ హద్దు కిందికి దిగుతుంది.

మరి గట్టి టైరే వేగమని ఎందుకు అనిపిస్తుంది? అదురే వేగమని శరీరం భ్రమపడుతుంది. మామూలుగా వేగం పెరిగితే అదురు పెరుగుతుంది. అందువల్ల గాలి పెంచి అదురు పెంచినా వేగం పెరిగినట్లే తోస్తుంది. గతుకు, కుదుపుల భేదాన్ని అనుభవమే చెరిపివేసే సందర్భం ఇది.

నంద్యాల ఎండ ఈ లెక్కలో మరొక అంశం. వేసవిలో ఇక్కడ 44, 45 డిగ్రీలు అరుదు కాదు. తారు అంతకన్నా ఎక్కువ కాగుతుంది. ఉదయం 27 డిగ్రీల వద్ద 100 పౌండ్లు నింపిన టైరులో గాలి మధ్యాహ్నానికి 52 డిగ్రీలకు చేరితే పీడనం దాదాపు 110 పౌండ్లవుతుంది. ఉదయమే గరిష్ఠ హద్దు దాకా కొట్టినవారు మధ్యాహ్నం దాన్ని దాటినట్లే.

5. మెత్తనిదే ముందు:

ఈ విషయం కొత్తగా కనిపెట్టినది కాదు. 1860లలో ఇనుప పట్టీల కొయ్యచక్రాలతో వచ్చిన సైకిలును ఇంగ్లండు జనం ఎముకలు కదిలించే యంత్రమని పిలిచారు. గాలి నింపిన చక్రానికి రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంటు పొందినా అది వాడుకలోకి రాలేదు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ తన కుమారుడి మూడుచక్రాల సైకిలుకు గాలి టైరు అమర్చాడు. ఉద్దేశం సుఖమే. మరుసటి ఏడాది అదే టైరుతో విల్లీ హ్యూమ్ పందేలు గెలవడంతో గట్టి రబ్బరు కన్నా మెత్తటి గాలి వేగమని తేలిపోయింది. ఒకసారి తేలిన ఆ విషయం తరువాత మరుగున పడింది.

1896లో మొదలైన పారిస్–రూబే పందెం ఇందుకు మరొక సాక్ష్యం. సుమారు 260 కిలోమీటర్ల ఆ పందెంలో 50 కిలోమీటర్లకు పైగా రాళ్ళు పరచిన పాత పల్లెదారులే. ఒకనాడు పందెపు సైకిళ్ళకు 23 మిల్లీమీటర్ల టైరు రివాజు. ఇప్పుడు ఆ రాళ్ళ మీద 30, 32 మిల్లీమీటర్ల టైర్లు, తగ్గించిన గాలి సాధారణమయ్యాయి. ప్రపంచంలోకెల్లా వేగంగా తొక్కేవారు నల్ల సైకిలు వెడల్పు వైపు జరుగుతున్న కాలంలో, నంద్యాల వీధుల్లో 23 మిల్లీమీటర్ల టైరును ప్రతిష్ఠాచిహ్నంగా చూడడం విచిత్రం.

ఆ పందెంలో రాళ్ళదారి నడిమి మిట్ట మీద తొక్కుతారు. ట్రాక్టరు చక్రాల వల్ల పక్కలు కుంగి ఉంటాయి గనుక. ఇక్కడి బండిదోవల్లో ఆ ఉపాయం పనికిరాదు. గాడిలో మన్ను తొక్కుడుకు గట్టిపడి నున్నగా ఉంటుంది. నడిమి మిట్ట మీద గడ్డి, ఆ గడ్డిలో పల్లేరు. పల్లేరు ముల్లును అమెరికా వారు బాగా ఎరుగుదురు. అక్కడ ఆ మొక్కకు పంక్చరు తీగ అనే పేరే ఉంది. సర్కారు తుమ్మ కంపను గురించి చెప్పనక్కరలేదు. ముల్లుకు గాలి తగ్గించడం విరుగుడు కాదు. టైరు లోపల మందమైన పట్టీ వేసుకోవడమే మార్గం. గాలి మరీ తగ్గిస్తే వేరే ఇబ్బంది వస్తుంది. గుంత అంచు తగిలినప్పుడు రిమ్ము ట్యూబును నలిపి పక్కపక్కనే జంట చిల్లులు చేస్తుంది. సన్నటైరులో ఈ రెండు హద్దుల మధ్య ఎడం బాగా తక్కువ. 25 నుంచి 32కు మారడం వల్ల కలిగే అసలు లాభం ఆ ఎడం పెరగడమే.

వానలో రేగడి దోవకు మాత్రం ఏ పీడనమూ పనిచేయదు. జిగట మన్ను టైరుకు చుట్టుకొని బ్రేకుల దగ్గర సందును పూడ్చివేస్తుంది. రోడ్డు సైకిలులో ఆ సందు కొన్ని మిల్లీమీటర్లే. పది గజాలు పోకముందే చక్రం తిరగదు. అక్కడ సైకిలును భుజాన వేసుకోవలసిందే. ఊరి వీధుల్లోని నాపబండలది మరొక తీరు. ఎండలో అవి తారు కన్నా నున్నన. తడిస్తే జారుడు, బండల నడుమ సందు చక్రం దిశలోనే సాగితే నిలువుబీటతో సమానం.

6. శరీరం, పంపు:

నిలువు అదురుకు మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 8 సార్ల వద్ద అత్యంత సున్నితంగా స్పందిస్తుంది. సెకనుకు 7 మీటర్ల వేగంలో మీటరుకు ఒక గతుకు వస్తే సరిగ్గా ఆ హద్దులోనే పడుతుంది. హ్యాండిలును బిగించి పట్టుకుంటే అరచేతి అంచున పోయే నరం నలిగి చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతాయి. మోచేతులు కొద్దిగా వంచి, పట్టు వదులుచేసి, పెడళ్ళు రెండూ సమాన ఎత్తులో ఉంచి, సీటు మీద నుంచి కొంచెం లేస్తే మోకాళ్ళే స్ప్రింగులవుతాయి. ఊళ్ళ ముందు తెల్లరంగు పట్టీలు వరుసగా వేసిన చోట ఇది తప్పనిసరి.

గాలి ఎంత ఉందో తెలుసుకోవడం ఎలాగనేది చివరి చిక్కు. సైకిలు షాపుల్లో బొటనవేలితో నొక్కి చూడడం పాత అలవాటు. వెడల్పు టైరుకు అది సరిపోయేది. నొక్కినప్పుడు తెలిసే బిగువు గాలి పీడనం మీదే కాక టైరు వెడల్పు మీద కూడా ఆధారపడుతుంది. 40 మిల్లీమీటర్ల టైరు 56 పౌండ్లకు చూపే బిగువును 25 మిల్లీమీటర్ల టైరు 90 పౌండ్లకు గాని చూపదు. అలవాటైన వేలు సన్నటైరు విషయంలో తప్పు చెబుతుంది. పైగా రోడ్డు సైకిలు సన్న వాల్వుకు ప్రతి పంపు మూతీ సరిపడదు. చిన్న ఇత్తడి తొడుగు జేబులో ఉండాలి.

గేజి లేనివారికి అమెరికన్ సైకిలు రచయిత ఫ్రాంక్ బెర్టో సూచించిన కొలత ఉపయోగపడుతుంది. మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు టైరు ఎత్తు 15 శాతం తగ్గితే గాలి తగినంత ఉన్నట్లు. 28 మిల్లీమీటర్ల టైరుకు అది సుమారు 4 మిల్లీమీటర్లు. ఒకరు గోడను ఆనుకొని సైకిలు మీద కూర్చుంటే, మరొకరు రిమ్ము అంచుకూ నేలకూ మధ్య దూరాన్ని స్కేలుతో ఎక్కక ముందొకసారి, ఎక్కిన తరువాత ఒకసారి కొలవాలి. రెండు చక్రాలకూ విడివిడిగా కొలిస్తే, బరువు తక్కువ పడే ముందుచక్రానికి గాలి కూడా తక్కువే చాలునని తెలుస్తుంది.